అణువంత మోటారు, దానికో దీపం

మొన్న ఆదివారం గుంటూరు నుంచి మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, ఫోన్ చేశాడు. "ఒరేయ్, మీ హ్యూస్టన్ లోనే కేన్సర్ కణాల్ని సుత్తితో కొట్టినట్టు చంపే మందు కనిపెట్టారటగా. అక్కడ అప్పాయింట్‌మెంట్ దొరుకుతుందా?" వాళ్ళ మామగారికి అరికాల్లో మెలనోమా. వాట్సాప్‌లో ఈ వార్త చూసి ఆపరేషన్ వాయిదా వేద్దామంటున్నారట.

వార్త అబద్ధం కాదు. ఆయనకి పనికొచ్చేదీ కాదు. ఇలాంటి ఫోన్లు మనందరికీ వస్తాయి కనుక రాస్తున్నాను.

వెలుగు పడితే ఒకే దిశలో తిరిగే మోటారు అణువుని 1999లో నెదర్లాండ్స్‌లో బెన్ ఫెరింగా తయారుచేశారు. (అణుయంత్రం అనగానే బాంబు అనుకునేరు! ఇక్కడ అణువంటే మాలిక్యూల్.) 2016 నోబెల్‌ని ఆయన సొవాజ్, స్టోడార్ట్‌లతో పంచుకున్నారు. 2017లో మా ఊరి రైస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జేమ్స్ టూర్, ఆయన సహచరులు అలాంటి మోటార్లు సెకనుకి 20, 30 లక్షల సార్లు తిరుగుతూ కణం పొరకి చిల్లు పెట్టగలవని చూపించారు.

అసలు చిక్కు చూడటంలో ఉంది. మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కన్నా చిన్నవాటిని విడదీసి చూపలేదు. ఈ యంత్రాలు ఒకటి రెండు నానోమీటర్లు. అందుకని మెరిసే రంగు అణువుని తోకలా తగిలిస్తారు. ఆ తోక మోటారుకి అందాల్సిన వెలుగుని కాజెయ్యకూడదు. అందుకే మోటారుకి అల్ట్రావయొలెట్, తోకకి ఎరుపు లేజర్. టూర్ బృందం 2015లో చేసిన 244 పరమాణువుల 'సబ్‌మెరైన్'కి ఇలాగే సై5 అనే రంగు తగిలించి, మోటారు తిరిగినప్పుడు ద్రవంలో దాని విస్తరణ 26 శాతం పెరిగిందని కొలిచారు.

కానీ ఎండలో ఆరేసిన రంగు చీరలా ఈ రంగులూ వెలిసిపోతాయి. బలమైన లేజర్ కింద ఒంటరి అణువు సెకన్లలోనే ఆరిపోవచ్చు. దీపం ఆరితే, యంత్రం విరిగిందా, దూరంగా పోయిందా, దీపమే పోయిందా చెప్పలేం. అందుకే సైక్లోఆక్టాటెట్రాయీన్ లాంటి చిన్న అణువుని రంగు పక్కనే అతికించి మన్నిక పెంచుతున్నారు. పత్రికలకెక్కని పని ఇది, కానీ నా లెక్కలో సగం సైన్సు ఇక్కడే ఉంది.

అన్నయ్య చూసిన వార్త 2023 చివరిది. అందులో తమాషా ఏమిటంటే, మెరిసే రంగులుగా వాడే సయనిన్ కుటుంబం అణువులే సుత్తులయ్యాయి. అల్ట్రావయొలెట్ కన్నా లోతుగా ఒంట్లోకి వెళ్ళే నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పడితే అణువు మొత్తం కంపించి కణం పొరని చీలుస్తుంది. గాజు పాత్రలో 99 శాతం మెలనోమా కణాలు చచ్చాయి. ఎలుకల్లో సగానికి కణితి పోయింది. దీపమూ యంత్రమూ ఒకటే అయినప్పుడు రంగు వెలిసిందంటే సుత్తీ ఆగిపోయినట్టే.

మిగిలిన సగం ఎలుకల మాటేమిటి? ఆ అణువు ఒంట్లో ఎక్కడెక్కడికి చేరుతుంది, ఎన్నాళ్ళుంటుంది? అది తేలకుండా ఏ డాక్టరూ మనిషికి ఎక్కించడు. తేల్చాలంటే వెలిసిపోని దీపమే కావాలి.

ఇదంతా విని అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. "అయితే ఆపరేషన్ ఆపొద్దంటావు" అన్నాడు. ఒక్కరోజు కూడా ఆపొద్దన్నాను. వచ్చే గురువారమట.