బ్యాంకు కాదన్నాక

బ్యాంకు కాదంటే ధర్మవరం నేతన్న ముడిపట్టు ఇచ్చే షావుకారు దగ్గరే చెయ్యి చాస్తాడు. హిందూపురం చిరువ్యాపారి డైలీ ఫైనాన్స్‌కి, పెనుకొండ కంపెనీల్లో కాంట్రాక్టు కుర్రాడు ఫోన్లో యాప్‌కి పోతాడు. నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే; ఏడాదికి 36 శాతం!

అప్పు ఎందుకివ్వలేదో రాసిమ్మని ముందు బ్యాంకునే అడగండి, మొహమాటం దేనికి? మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. ఎప్పుడో తీర్చిన బాకీ అందులో ఇంకా బాకీగానే కనిపించవచ్చు. డ్వాక్రా సభ్యులకు స్త్రీనిధి రుణం ఉంది. కొత్త వ్యక్తిగత రుణానికి ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటును ఒక పత్రంలో చూపాలన్నది 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన. సంతకానికి ముందే అది అడిగి తీసుకోండి. ఆ పత్రం చదివే తీరు ఈ సంచికలో వివరించాం.

— సంపాదకుడు