వెనుక కూర్చుండువారి మాట

మా వీధి యరుగు ప్రక్కన తొమ్మిది సంవత్సరములు నిలిచియుండిన మోటారుసైకిలు ఇప్పుడు లేదు. గచ్చుమీద దాని నూనె మరక మాత్రము మిగిలినది. ప్రతి యుదయమును ఆ మరకపైననే ముగ్గు పెట్టుచున్నాము. మధ్యాహ్నమునకు ముగ్గు చెదరి మరక మరల కనబడుచున్నది. ఈ మాసము ఆ వాహనమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయ దలచితిమి. మోటారుసైకిళ్ల ముచ్చట మగవారిది, మనకేల యని మీలో కొంద రనుకొనవచ్చును. ఇంటి సొమ్ముతో కొన్నది, ఇంటివారిని మోసినది, ఇంటి యజమాని పేరిట ప్రభుత్వపు లెక్కలలో నెక్కినది, ఆడువారి కక్కరలేని వస్తు వెట్లగును? అందును, వెనుక కూర్చుండువారము మనమే కదా!

మా వారు ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రము బోధింతురు. కొండలను, నదులను పటముమీద కఱ్ఱతో చూపుటయే కాని కంటితో చూచినది తక్కువ యని వారికి చిరకాలముగా విచారము. 2015వ సంవత్సరమున వారికి దూర ప్రయాణములకు తగిన పెద్ద మోటారుసైకిలు కొనవలెనని గట్టి కోరిక కలిగెను. మేము చేతి గాజులకని నెలనెలయు కట్టుచుండిన చీటి ఆ వేసవిలోనే చేతికి వచ్చినది. "గాజులు వచ్చే యేడు చేయించుకొందువు గాక" అనిరి. ఆ "వచ్చే యేడు" నేటికిని రాలేదు. ఆ మాట యటుండనిండు. చీటి సొమ్మును, కొంత బ్యాంకి అప్పును కలిపి, సుమారు 2 లక్షల రూపాయలకు రాయల్ ఎన్‌ఫీల్డు వారి థండర్‌బర్డ్ 500 అను వాహనమును ఇంటికి తెచ్చిరి.

ఆ సంస్థ మొదట ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున వర్ధిల్లినది. మన సైన్యమునకు బుల్లెట్టు బండ్లు కావలసి రాగా 1955లో మద్రాసు వ్యాపారులతో కలిసి ఇచ్చట తయారీ ప్రారంభించిరి. 1970 నాటికి ఇంగ్లండులోని కర్మాగారములు మూతపడినవి. మద్రాసుది మాత్రము నిలిచినది. ఈ కథను మా వారు చెప్పగా, పుట్టినింట ఆరిన దీపము మెట్టినింట వెలిగిన దన్నమాట యని మేమంటిమి. 499 సి.సి. యంత్రము, 20 లీటర్ల పెట్రోలు టాంకి, సుమారు 195 కిలోల బరువు. మా యత్తగారు దానిచుట్టు ఒకమారు తిరిగి చూచి, "ఒరే నాయనా, పాలివ్వని గేదెను తెచ్చి కట్టితివి గదరా!" యనిరి. అనుచునే నిమ్మకాయలను చక్రముల క్రింద నుంచి, హారతి యిచ్చిరి.

నిజము చెప్పవలెనన్న, మొదటి రెండు సంవత్సరములును మా కది సుఖమే యిచ్చినది. రాజమహేంద్రవరము నుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లికి పోవు త్రోవ మీలో కొందరెరుగుదురు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటు రోడ్డు మలుపులు తిరుగుచుండగా, వెదురు పొదల నడుమ నుండి చల్లని గాలి మొగమునకు తగులుట మా వివాహమైన పిదప మేము కన్న పెద్ద పండుగ. బస్సు కిటికీ నుండి చూచు కొండ వేరు, కొండ మధ్యను కూర్చుండి చూచు కొండ వేరు. ఆనాడు గాజుల మాట మాకు జ్ఞప్తికి రాలేదు.

చిక్కంతయు మార్పులతో మొదలైనది. వాహనము కొన్నవానికి అది కొన్ననాటి రూపున నున్న తృప్తి యుండదు కాబోలు. మా వారు తోడి ఉపాధ్యాయు నొకరిని చూచి మొదట రెండు అదనపు దీపములు పెట్టించిరి; అవి 3,500. వెడల్పైన హాండిలు 2,800. గర్జించు సైలెన్సరు 6,500. మెత్తని సీటు 5,200. ప్రక్కలకు ఇనుప చట్రములును, వానికి తగిలించు సంచులును 14,000. మా పద్దు పుస్తకమున ఈ లెక్క యంతయు నున్నది. మొత్తము 32,000 రూపాయలు. ఆ దీపములు వెలిగినపుడెల్ల బ్యాటరీ నీరసించెడిది. ఆ సైలెన్సరు వీధి మొదట మ్రోగగనే ఉయ్యాలలోని పొరుగింటి పసివాడు ఉలికిపడి లేచెడివాడు. వాని తల్లి మాతో మాటలాడుట తగ్గించినది.

అన్నిటికంటె పెద్ద తప్పు సంచుల చట్రము బిగించిననాడు జరిగినది. ఎడమ ప్రక్కనున్న శారీ గార్డు, వెనుక పట్టుకొను కమ్మీ చట్రమున కడ్డు వచ్చినవట. మెకానిక్కు రెండింటిని ఊడదీసి ప్రక్కన పడవేసెను. బండి కందము వచ్చినదని చూచినవారందరు మెచ్చిరి. వెనుక కూర్చుండువా రెవ్వరును ఆ మెచ్చినవారిలో లేరు. మేము మాత్రము చూచితిమా? చూచియు ఊరకుంటిమి. ఈ దోషమున మాకును పాలున్నది.

2018 కార్తికమాసమున గోకవరము సంతవీధిలో, జనము మధ్య బండి మెల్లగా పోవుచుండగా, మా చీర చెరగు వెనుక చక్రపు చువ్వలలో చుట్టుకొన్నది. ఎవరో చేయి పట్టి లాగినట్లయ్యెను. పట్టుకొనుటకు కమ్మీ లేదు. మేము క్రింద పడితిమి. వేగము లేకుండుటచేత మోచేయి దోకుకొని పోవుటతోను, మెడపై నాలుగంగుళముల గీత పడుటతోను పోయినది. కూరగాయల మూట దింపి పరుగెత్తి వచ్చిన యొక ముదుసలి కత్తిపీటతో చెరగు కోసి మమ్ము విడిపించినది. "గార్డేదమ్మా?" యని యామె యడిగిన ప్రశ్నకు మా వారు తల యెత్తలేదు. ఆ వేగమే ఘాటు రోడ్డున నున్నచో, ఈ శీర్షికను నేడు మరియొకరు వ్రాయుచుందురు.

ఇంటికి వచ్చిన పిదప మా వారే నియమముల పుస్తకము తెచ్చి చదివిరి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 123వది మనకొరకే వ్రాసినట్లున్నది. వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు కమ్మీయు, పాదములుంచుటకు ఫుట్‌రెస్టులును ఉండవలెను. వస్త్రములు చక్రమున చిక్కకుండ వెనుక చక్రమున సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణయు నుండవలెను. ఇవి తయారుచేయువాడు తప్పక అమర్చవలసినవి. వాడు అమర్చి పంపినదానిని మనము సొమ్మిచ్చి ఊడదీయించుకొంటిమి! బండిని కంపెనీ నమోదు చేసిన వివరములకు విరుద్ధముగా మార్చుట 52వ సెక్షను ప్రకారము కూడదు. 2019లో చట్టమును సవరించిన పిదప, అట్టి మార్పునకు ఆరు మాసముల వరకు చెరసాల గాని, మార్పొక్కటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇచట మా యత్తగారి మాట చెప్పకున్న పాపము. ఊడదీసిన ఇనుమును మెకానిక్కు చిత్తు సామానుల కమ్మబోగా, ఆమె "మా యింటి వస్తువు మా యింటనే యుండవలె" నని శారీ గార్డును, కమ్మీని, కంపెనీ సైలెన్సరును పాత పంచెలో చుట్టి అటకమీద పెట్టించిరి. గోకవరమునుండి వచ్చిన మరునాడు ఆ మూట దిగినది. మూడును యథాస్థానమున కెక్కినవి. చట్రములు, సంచులు అటక కెక్కినవి. పొరుగింటి పసివాడు నిద్రపోయెను.

తరువాత బండి క్రమముగా అరుగు ప్రక్కనే నిలువజొచ్చినది. 2019లో మాకు కుమారుడు పుట్టెను, పెద్దది కుమార్తె. పుష్పక విమానమున ఎంద రెక్కినను ఇంకొకరికి చోటుండునని పెద్దలు చెప్పుదురు. మోటారుసైకిలు పుష్పకము కాదు. నడుపువారు గాక మరియొక్కరే యెక్కవలెనని 128వ సెక్షను చెప్పుచున్నది. నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని హెల్మెట్టు విధి. నాలుగేండ్ల లోపు బిడ్డను ఎక్కించుకొన్నచో బిడ్డను నడుపువారికి కట్టియుంచు పట్టెడయు, బిడ్డకు శిరస్త్రాణమును ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2023 ఫిబ్రవరి నుండి నియమము వచ్చినది. బిడ్డను నడుమ నిరికించి పోవుచున్న దంపతులను చూచినపుడు మా గుండె ఝల్లుమనును. కావున నలుగురము బస్సులోనే పోవుచుంటిమి. బండికి మాత్రము ఏటేట భీమా, నూనె, బ్యాటరీ ఖర్చు తప్పలేదు. 2024లో కుమార్తె చదువునకు సొమ్ము కావలసి రాగా మా వారు తామే, "అమ్మివేయుదము" అనిరి. ఆ మాట యనుటకు వారి కెంత కష్టమైనదో మే మెరుగుదుము.

మొదట వచ్చినవాడొక దళారి. 32,000 రూపాయల అలంకారములకు వాడు కట్టిన వెల ఏమనుకొందురు? 2,000! దీపములకై తీగలు కోసినందున అంతకంటె నెక్కువగా అసలు ధరలోనే తగ్గించెను. "కంపెనీ సైలెన్సరున్నది కనుక బేరమాడుచున్నాను, లేకున్న తాకకయే పోదును" అనెను. మా యత్తగారు తలుపు వెనుక నుండి దగ్గిరి.

ఆ దళారి 29, 30 నంబరుల ఫారములు తీసి, "పంతులుగారూ, సంతకములు పెట్టి యీయండి. కొన్నవారి పేరు తరువాత వ్రాసికొందుము" అనెను. మా వారు కలము తీసిరి.

"ఏమండీ! పేరు లేని కాగితముపై సంతకము పెట్టకండి" యని మేమంటిమి.

"తెలిసినవాడే కదా" యనిరి వారు.

"మా తాతగారి చేత ఖాళీ ప్రోనోటుపై సంతకము పెట్టించుకొన్నవాడును తెలిసినవాడే. రెండెకరముల మాగాణి పోయినది" అంటిమి. కలము మూతపడినది.

మన మెరుగవలసిన దిది. బండిని అప్పగించినంత మాత్రమున అమ్మకము ముగియదు. రిజిస్ట్రేషనులో ఎవరి పేరున్నదో చట్టము దృష్టిలో వారే యజమాని. చేతులు పెక్కు మారిన యొక కారు ప్రమాదమునకు, పుస్తకములో పేరు మిగిలియుండిన మొదటి యజమానియే బాధ్యుడని 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కారు తన చేతినుండి ఏనాడో పోయినదని అతడు చెప్పుకొన్నను లాభము లేకపోయినది. అమ్మినవారు, అదే రాష్ట్రములోనైనచో, 14 దినములలో అధికారికి తెలుపవలెను. కొన్నవారు 30 దినములలో తెలుపవలెను. బ్యాంకి అప్పు తీరినను, ఆ పేరును 35వ ఫారముతో తొలగింపించనిదే బదిలీ సాగదు. మేము అప్పు 2018లోనే తీర్చితిమి కాని ఆ పేరు తీయించుట మరచితిమి. దానికే మూడు వారములు పట్టినది.

తుదకు కాకినాడనుండి విద్యుచ్ఛాఖలో పనిచేయు యువకుడొకడు భార్యతో వచ్చెను. అతడు యంత్రపు చప్పుడు వినుచుండగా, ఆ చిన్నది వెనుకకు పోయి శారీ గార్డును చేతితో కదిపి చూచినది. కమ్మీ పట్టుకొని ఊపినది. ఒకమారు ఎక్కి కూర్చుండి దిగినది. మేమొక మాట యైనను చెప్పలేదు. 76,000 రూపాయలకు బేరము కుదిరినది. కార్యాలయమునకు పోయి, కాగితములపై అతని పేరు వ్రాయించి, నకలు తీసికొన్న పిదపనే తాళముచెవి చేతికిచ్చితిమి. మా యత్తగారు ఆ పిల్లకు బొట్టు పెట్టి పంపిరి. బండి మలుపు తిరుగువరకు మా వారు అరుగుమీదనే నిలిచి, తరువాత లోనికి వచ్చి, "మారేడుమిల్లి బస్సు ఎన్ని గంటలకో కనుగొనవలెను" అనిరి.

సోదరీమణులారా! మీ యింట అట్టి బండి యున్నచో రేపే దానివెనుకకు పోయి చూడుడు. గార్డున్నదా, కమ్మీ యున్నదా, మీ శిరస్సునకు హెల్మెట్టున్నదా? లేకున్న, అవి వచ్చువరకు ఎక్కబోమని నెమ్మదిగా చెప్పుడు. ఇంటినుండి బండిని పంపునపుడు యజమాని పేరును గూడ దానితో పంపుడు. మా గాజుల సంగతియా? చీటి మరల మొదలుపెట్టితిమి. ఈ పర్యాయము దానిని గూర్చి ఇంటిలో నెవరికిని చెప్పలేదు, మీరును చెప్పకుడు.