క్వాడ్ బైకు ఆట, ట్రాక్టరు చలానా

సోమశిలలో కృష్ణ ఒడ్డుకు పర్యాటకం పేరుతో డబ్బు వస్తోంది. స్వదేశ్ దర్శన్ కింద పాత మహబూబ్‌నగర్ జిల్లా ఎకో టూరిజం సర్క్యూట్‌కు 2015-16లో 91.62 కోట్లు మంజూరయ్యాయి, అందులో మన ఊరూ ఉంది. 2024 నవంబరులో కేంద్రం వెల్‌నెస్, ఆధ్యాత్మిక కేంద్రం అంటూ ఇంకో 68.10 కోట్లు ఇచ్చింది. రానివ్వండి. మన పిల్లలకు నాలుగు పనులు దొరికితే మాకేం కడుపుమంట లేదు. కాటేజీల వెనకే వచ్చే ఆటబండ్లు ఎక్కడ తిరుగుతాయి, ఎవరు నడుపుతారు అన్నదే మా ప్రశ్న.

వికారాబాద్ వైపు రిసార్టుల్లో క్వాడ్ బైకులు చూసే ఉంటారు. నాలుగు లావు టైర్లు, మోటారు సైకిల్ హ్యాండిలు. ప్రహరీ లోపల మాత్రమే తిరిగేందుకు చేసిన బండిని 1988 మోటారు వాహనాల చట్టం మోటారు వాహనంగానే లెక్కపెట్టదు. కాబట్టి అక్కడ నంబరు ప్లేటు, లైసెన్సు అడిగే పని లేదు. సరే, సోమశిలలో ప్రహరీ ఏది? ఒకవైపు ఊరి బాట, ఇంకోవైపు శ్రీశైలం జలాశయం నీళ్లు దిగాక తేలే నేల. బయటివాళ్ల కంటికి అది ఖాళీ మైదానం. మునిగిపోయిన ఊళ్ల జనానికి అది నీళ్లు వెనక్కి పోయినప్పుడల్లా విత్తుకునే పొలం. భూమి పోయి, 98 జీవో ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ల మొలకల మీద ఇప్పుడు సరదా చక్రాలు తిరగాలా?

రోడ్డెక్కితే కథ వేరు. అప్పుడు రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు అన్నీ ఉండాల్సిందే. కానీ మన లైసెన్సు కార్డులో క్వాడ్ బైకు అనే తరగతే లేదు. 2021లో పొలారిస్ కంపెనీ తన స్పోర్ట్స్‌మన్ 570ను ట్రాక్టరుగా ఆమోదింపజేసుకుని, 7.99 లక్షలకు రోడ్డు మీదికి దించింది. పొలం పనికి వాడితే మాకు అభ్యంతరం లేదు. బ్రిటన్‌లో రైతు తన ఒక పొలం నుంచి ఇంకో పొలానికి క్వాడ్ బైకు మీద కిలోమీటరున్నర లోపు రోడ్డు దాటడానికి చట్టమే దారి చూపింది. రైతు అవసరాన్ని కొలిచి రాసిన రూలు అది. ఇక్కడ మాత్రం ట్రాక్టరు అన్న పేరు ఆటబండికి అక్కరకొస్తుంది, అసలు ట్రాక్టరుకు చలానాలు తెస్తుంది.

కొల్లాపూర్‌కు గింజలు తోలే ట్రాలీని ఆపి కాయితాలు అడుగుతారు. అడగండి. మైనరు పిల్లాడికి స్టీరింగు అప్పజెప్పే మనవాళ్లను మేం వెనకేసుకురాం. అలాంటి కేసులో బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాలీ మృత్యువే. అయితే కూలీలు ట్రాలీ ఎందుకెక్కుతారు? 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 9 మంది కూలీలు పోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో 15 మంది. ఎక్కువమంది ఆడవాళ్లే. తెల్లారేసరికి చేనుకు చేర్చే బస్సు ఏ డిపో నడిపింది? ఎక్కినవాళ్లు చనిపోతే, ట్రాలీ మనుషుల కోసం కాదంటూ బీమా కంపెనీలు చేతులెత్తేస్తాయి. ఎల్‌ఎంవీ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చన్న మాట మీద కూడా బీమా కంపెనీలు రాజ్యాంగ ధర్మాసనం దాకా కొట్లాడాయి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు వాటి వాదన కొట్టేసింది. ఆ తీర్పు సంగతి చెక్‌పోస్టు దగ్గర గట్టిగా చెప్పండి.

2007లో పడవ మునిగి 61 మంది పోయిన కృష్ణ ఇది. శవాలు తేలాకే రూలు రాయడం ఇక్కడ అలవాటు కాకూడదు. క్వాడ్ బైకులు కంచె వేసిన ట్రాక్ దాటరాదు. తేలిన భూముల్లోకి అసలే రారాదు. గ్రామసభ ఒప్పుకోనిదే అనుమతి ఇవ్వొద్దు. పంట తొక్కితే నిర్వాహకుడే కట్టాలి. ట్రాక్టరు రైతుకు కొల్లాపూర్‌లోనే లైసెన్సు శిబిరం పెట్టాలి, ట్రాలీలకు రిఫ్లెక్టర్లు ఉచితంగా అంటించాలి. నాట్లు, కోతల కాలంలో పొద్దున్నే బస్సు నడపాలి, కూలీలకు బీమా ప్రభుత్వమే కట్టాలి.

గ్రామ కమిటీలు ఈ డిమాండ్ల మీద సంతకాలు సేకరించి నాగర్‌కర్నూల్ కలెక్టరేట్‌కు తీసుకురావాలి. మునక భూముల్లో సాగు చేస్తున్నవాళ్ల పేర్లు, ఎకరాలు కూడా రాసుకురండి.