ఆటల లెక్క చూసి మోసపోవద్దు

అటక దులిపితే మన జిల్లాలో ఎన్నో ఇళ్లలో పసుపుపచ్చ వీడియో గేమ్ క్యాసెట్టు ఒకటి బయటపడుతుంది. 1990 దశకంలో పెరిగినవారికి దాని సంగతి చెప్పనక్కరలేదు. వేరుశనగ నాలుగు డబ్బులు తెచ్చిన ఏడాదో, బెంగుళూరు పనికి పోయిన నాయన పండక్కి వచ్చినప్పుడో ఇంటికి వచ్చిన వస్తువది. కరెంటు కోతలకు, లో ఓల్టేజీకి పెట్టె ఏనాడో చెడిపోయింది. క్యాసెట్టు మిగిలింది. ఆ ఆటలను ఇప్పుడు తమ పిల్లలకు చూపాలని కొత్త పెట్టె కోసం బజారుకు వెళ్లేవారికి నాలుగు మాటలు చెప్పడం అవసరం.

నేనూ మోసపోయినవాడినే. ఒక దుకాణంలో "ఐదునూర్ల ఆటలుండాయన్నా, ఇంకేం గావల్ల?" అని చేతిలో పెడితే నమ్మి తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే దానికి క్యాసెట్టు పెట్టే గాడి లేనే లేదు. ఉన్న ఆటల్లో సగం పేరు మార్చి మళ్లీ చూపినవే. పిల్లవాడు అరగంటలో పక్కన పడేశాడు. పైన పటారం, లోన లొటారం!

కనుక ఎన్ని ఆటలున్నాయని అడగడం తప్పు. మన క్యాసెట్టు ఆడుతుందా అని అడగాలి. క్యాసెట్టును సంచిలో వేసుకుని వెళ్లండి. అంగట్లోనే పెట్టించి, ఆడి చూసిన తరువాతే డబ్బు ఇవ్వండి.

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జులై 15న విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్ వీటికి మూలం. లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ వంటి పేర్లతో మన ఇళ్లకు వచ్చినవి దాని నకళ్లే. ఆ క్యాసెట్టుకు 60 పిన్నులు. అదే కంపెనీ 1985లో అమెరికాలో విడుదల చేసిన యంత్రానికి 72 పిన్నుల క్యాసెట్టు. అమెరికా నుంచి బంధువులు తెచ్చినది మన గాడిలో పట్టదు. బలవంతంగా నొక్కితే క్యాసెట్టూ, గాడీ రెండూ చెడతాయి. అట్ట మీద "16 బిట్" అని ఉన్నంత మాత్రాన నమ్మరాదు. లోపల ఉండేది తరచు పాత 8 బిట్ సరుకే.

నేడు దొరికే పెట్టెలు మూడు రకాలు. పాత యంత్రం మొత్తాన్ని ఒకే చిప్పులో కుదించినవి మొదటి రకం. చవక. చాలావాటిలో పాటల ధ్వని కొంత తేడాగా వినిపిస్తుంది, అయినా మన పసుపు క్యాసెట్లు ఎక్కువగా వీటిలోనే ఆడతాయి. ఆటను తన మెమరీలోకి నకలు చేసుకుని సాఫ్ట్‌వేర్‌తో ఆడించేవి రెండో రకం. అనేక ఆటలు కలిపి పెట్టిన క్యాసెట్ల దగ్గర ఇవి తడబడతాయి. పాత సర్క్యూట్లనే తిరిగి రూపొందించే ఎఫ్‌పీజీఏ చిప్పు ఉన్నవి మూడో రకం. పనితీరు మేలు, ధర మాత్రం సామాన్యునికి అందదు. మామూలు ఇంటికి మొదటి రకం చాలునని నా అభిప్రాయం.

ఇంట్లో టీవీని కూడా చూసుకోవాలి. కొత్త టీవీలలో చాలావాటికి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు పెట్టే రంధ్రాలు ఉండవు. మార్పిడి పరికరం తగిలిస్తే బొమ్మ ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలోనే మారియో గోతిలో పడతాడు! బాతులను కాల్చే తుపాకీ అయితే పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీదనే పనిచేస్తుంది. పలుచని టీవీ మీద ఆ ఆట కోసం డబ్బు పెట్టడం వృథా.

అన్నిటికన్నా ముఖ్యం మరమ్మతు. కొత్త నకళ్లలో చిప్పు స్థానంలో నల్లని బొట్టు ఒకటి ఉంటుంది. అది పోతే ఏ మెకానిక్కూ చేయగలిగింది లేదు. స్విచ్చి, వైరు, ఓల్టేజీ రెగ్యులేటర్ పోతే మాత్రం కొద్ది ఖర్చుతో బాగవుతుంది. అందువల్ల కొత్తది కొనకముందే పాత పెట్టెను మీ ఊరి రేడియో, టీవీ మెకానిక్‌కు ఒకసారి చూపించండి. అడాప్టర్ దొరికింది కదా అని ఏదో ఒకటి తగిలించరాదు. ప్లస్, మైనస్ తారుమారైతే పెట్టె కాలిపోతుంది. క్యాసెట్టు ఆడకపోతే చిన్నప్పటిలాగ నోటితో ఊదకండి, తడికి పిన్నులు తుప్పు పడతాయి. మన దుమ్ముకు దూదితో కొంచెం స్పిరిట్ అద్ది తుడవడమే మందు.

కరువు సీమలో రూపాయి విలువ వ్యాపారులకు తెలియనిది కాదు. కొనేవారు క్యాసెట్టు పెట్టి చూస్తామంటే విసుక్కోకుండా చూపించాలి, బిల్లు ఇవ్వాలి, ఆడకపోతే వెనక్కి తీసుకోవాలి. పిల్లవాని ముందు తండ్రి చిన్నబోయేలా చేసే వ్యాపారం ఎక్కువ రోజులు నిలవదు.