కలివికోడికి కాపరే దిక్కు

కడప జిల్లాలో కలివికోడి మాటెత్తితే రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడతాయి. పిట్ట కోసం కరువు సీమకు వచ్చే నీళ్లు ఆపుతారా అన్నది ఒకటి. లోకంలో ఇంకెక్కడా ఆచూకీ లేని పక్షిని చేజేతులా పోగొట్టుకుంటామా అన్నది రెండోది. రెండింట్లోనూ న్యాయముంది. ఆ పక్షి తిరిగే పొదల్లో మేకలు మేపుకునేవాళ్ల మాట మాత్రం రెండింట్లోనూ సరిగా వినపడదు.

1848లో పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ ఈ పక్షిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత జాడ లేక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ చేసిన అన్వేషణ ఫలించి, రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడే. తర్వాత దాని కోసం లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. అడవికి గీత గీశారు గానీ, ఆ గీతకు అవతలి పల్లెలు ఎలా బతకాలో తేల్చలేదు.

తెలుగుగంగ కాలువ గొడవ అందరికీ తెలిసిందే. చెన్నైకి తాగునీరు, సీమకు సాగునీరు ఇచ్చే ఆ కాలువ కోసం 2005లో యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోకి దిగాయి. పరిశోధకులు చూసి చెప్పాక పనులు ఆగాయి, కాలువ దారి మారింది. అంటే నీళ్లకూ పిట్టకూ పొత్తు కుదరనిదేమీ కాదు. ముందే అడిగి ఉంటే ఆ రభసే ఉండేది కాదు.

మేత సంగతి ఇంతకంటే చిక్కు. చీకటి పడ్డాక తిరిగే ఈ పక్షి జాడ కోసం పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక పాదముద్రలు వెతికారు. తేలిందేమిటంటే, దానికి చిక్కటి పొదలూ పనికిరావు, బోడి నేలా పనికిరాదు. రేగు, కలివి పొదల మధ్య ఖాళీ జాగా ఉండాలి. మేకలు మితిమీరితే పొదలు పోతాయి, కట్టెలు అతిగా కొట్టినా అంతే. మేతను పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని ఆ ఖాళీలే పోతాయి. కాపరిని తరిమేసే చట్టం పిట్టకూ చేటే.

2025 ఆగస్టులో పక్షి ప్రేమికులు కలివికోడి కూతను రికార్డు చేశారు. ఆ కూత విని ఇప్పుడు మళ్లీ కంచెలూ నిషేధాలూ అంటే పాత పొరపాటే. ఎక్కడ ఎన్ని మేకలు మేయాలో పల్లెతో కూర్చుని తేల్చాలి. పొదల మీద కన్నేసి ఉంచే పనికి కాపరులకు అటవీశాఖ నెలనెలా జీతమివ్వాలి. పొదలు కొట్టి తోటలు వేద్దామనుకునే రైతుకు ఆ నేలను అలాగే ఉంచినందుకు పరిహారమివ్వాలి. కాలువ దారి మార్చడానికి ఖర్చు పెట్టగలిగిన సర్కారుకు ఇదేం మోయలేని భారం కాదు.