ఫోన్ స్పెక్స్ సరే, వెనకున్న సర్వర్ల సంగతేంటి?

కొత్త ఫోన్ వస్తే ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత అని గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కానీ అందులోని బ్యాంకింగ్, టికెట్ యాప్‌లు నడిచేది ఎక్కడో ఉన్న కంపెనీల సర్వర్ల మీద. అవి పడిపోతే గానీ మనకి గుర్తురావు.

2024 జులై 19నే తీసుకోండి. క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు క్రాష్ అయ్యాయి. హైదరాబాద్ నుంచి వెళ్లే ప్యాసింజర్‌కి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో వైరల్ అయింది కూడా. 78 నిమిషాల్లోనే అప్‌డేట్‌ని వెనక్కి తీసుకున్నారు. అయినా చాలా మెషీన్లని ఇంజనీర్లు ఒక్కోటిగా సేఫ్ మోడ్‌లో బూట్ చేసి, ఆ ఫైల్‌ని డిలీట్ చేయాల్సి వచ్చింది. బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్నచోట రికవరీ కీ వెతుక్కోవడం అదనపు తలనొప్పి.

ఫోన్ అప్‌డేట్లు మామూలుగా ముందు కొద్దిమందికే వస్తాయి. "నాకింకా రాలేదేంటి" అని విసుక్కుంటాం గానీ, ఆ ఆలస్యమే మనకి రక్ష. ఆ ఫైల్‌కి మాత్రం అలాంటి విడతల్లేవు. ఆ దెబ్బ తర్వాతే కంపెనీ వాటినీ విడతలవారీగా పంపుతామంది.

అందుకే నా దృష్టిలో మంచి ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అంటే అస్సలు పడిపోనిది కాదు. పడినా కొద్దిమందితో ఆగేది, త్వరగా లేచేది. బీటెక్ చదివేవాళ్లు కోడింగ్‌తో పాటు రోల్‌బ్యాక్ కూడా నేర్చుకోండి.