పసివారి కిడ్నీలకు ముందుచూపే రక్ష

నెల్లిమర్ల: ఉత్తరాంధ్రలో కిడ్నీ వ్యాధి అనగానే స్ఫురించేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు తదితర మండలాల్లో దశాబ్దాలుగా సేద్యం, కూలి పనులపై ఆధారపడిన కుటుంబాలను కుంగదీస్తున్న ఆ వ్యాధికి మూలకారణం నేటికీ స్పష్టంగా నిర్ధారణ కాలేదు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అయితే చర్చంతా పెద్దల చుట్టూనే తిరుగుతుండటంతో పిల్లల మూత్రపిండాల సంగతి మరుగున పడుతోంది. ఉద్దానం వ్యాధి ప్రధానంగా పెద్దలది. చిన్నారులకు సోకేవి వేరు. వాటిలో అనేకం సకాలంలో గుర్తిస్తే నయమయ్యేవి లేదా అదుపులో ఉండేవి కావడం గమనార్హం.

ఉదయపు వాపు హెచ్చరికే

నిద్ర లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్లలో వాపు, మూత్రంలో విడవని నురగ... ఇవి నెఫ్రోటిక్ సిండ్రోమ్ లక్షణాలు. రెండు నుంచి ఆరేళ్ల వయసులో ఇది ఎక్కువ. మూత్రం ద్వారా మాంసకృత్తులు పోవడంతో ఒంట్లో నీరు చేరుతుంది. చాలా ఇళ్లలో దీన్ని కళ్లకలకగానో, ఎలర్జీగానో భావించి చుక్కల మందుతో సరిపెడుతున్నారు. మరికొందరు బిడ్డ ఒళ్లు చేసిందని మురిసిపోతున్నారు. స్టెరాయిడ్ చికిత్సతో నూటికి 80 నుంచి 90 మంది పిల్లల్లో వ్యాధి తగ్గుముఖం పడుతుంది. తొలిసారి చికిత్స సుమారు 12 వారాలు సాగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. వాపు తగ్గగానే మందు ఆపేస్తే ప్రమాదం. వ్యాధి తిరగబెట్టడం సాధారణం కనుక, ఇంట్లోనే ఉదయం పూట మూత్రాన్ని పట్టీతో పరీక్షించి పుస్తకంలో రాసుకోవడం తల్లిదండ్రులు నేర్చుకోవాలి.

గజ్జి నుంచి కిడ్నీకి

గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు వారాలకు, చర్మంపై చీముపుళ్లు లేచిన మూడు నుంచి ఆరు వారాలకు మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారితే ఉపేక్షించరాదు. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మక్రిమి సోకిన తరువాత మూత్రపిండాల్లో తలెత్తే వాపు ఇది. రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చే ముప్పూ ఉంది. గజ్జి గోకుళ్లు పుళ్లుగా మారకముందే ఇంటిల్లిపాదికీ ఒకేసారి మందు రాయడం, పక్కబట్టలు ఉతికి ఎండలో ఆరవేయడం దీనికి చౌకైన నివారణ.

కారణం తెలియని జ్వరం పదేపదే వచ్చే పసివారికి మూత్ర పరీక్ష తప్పనిసరి. మగశిశువుకు మూత్రం ధారగా రాక చుక్కలుగా పడితే పుట్టుకతో వచ్చిన కవాటాల అడ్డంకిని శంకించాలి. గర్భిణి స్కానింగులో బిడ్డ కిడ్నీ ఉబ్బినట్లు తేలితే కాన్పు తరువాత మళ్లీ పరీక్ష చేయించాలి. వయసుకు తగ్గ ఎదుగుదల లేకపోవడం, పాలిపోవడం, అతిగా దాహం వేయడం కూడా సూచికలే.

మందే విషమైతే

2022లో గాంబియాలో, 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు కిడ్నీలు విఫలమై మృతి చెందారు. రెండు చోట్లా దగ్గు మందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం బయటపడింది. ఛింద్వాడా ఘటన అనంతరం, రెండేళ్లలోపు వారికి దగ్గు సిరప్‌లు ఇవ్వరాదని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని కేంద్రం సూచించింది. అయినా చీటీ లేకుండా మందుల దుకాణంలో సీసా కొనే అలవాటు పల్లెల్లో మాసిపోలేదు. వాంతులు, విరేచనాలతో నీరసించిన బిడ్డకు నొప్పి మాత్రలు ఇవ్వడం కూడా కిడ్నీలకు చేటే.

పొరుగునే ఉన్న గుర్లలో 2024 అక్టోబరులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఒంట్లో నీరు ఇంకిపోతే తొలి దెబ్బ తగిలే అవయవాల్లో కిడ్నీ ఒకటి. లీటరు నీటిలో కలిపే ఓఆర్ఎస్ పొట్లం, 14 రోజుల జింకు మందు ఈ ముప్పును చాలావరకు తప్పిస్తాయి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

జాబితాలో లేని కిడ్నీ

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు వారిని అంగన్‌వాడీలు, బడుల్లో పరీక్షిస్తున్నారు. తొలుత నిర్దేశించిన 30 లోపాల జాబితాలో చర్మవ్యాధులు, రుమాటిక్ గుండెజబ్బు ఉన్నాయి. కిడ్నీ వ్యాధికి విడిగా చోటు దక్కలేదు. జపాన్‌లో 1974 నుంచి బడి పిల్లలందరికీ మూత్ర పరీక్షలు జరుగుతున్నాయి. అంత పెద్ద కార్యక్రమం ఇక్కడ ఇప్పటికిప్పుడు సాధ్యం కాకపోవచ్చు. కనీసం ముఖం ఉబ్బినవారు, చీముపుళ్లు ఉన్నవారు, ఎదుగుదల లేనివారికి మూత్రపు పట్టీతో పరీక్ష, రక్తపోటు కొలత జరిపితే పెద్ద ఖర్చు లేకుండానే అనేకులను ముందుగా పట్టుకోవచ్చు. పెద్దల పట్టీతో పిల్లల రక్తపోటు సరిగా తేలదు కనుక చిన్న పట్టీలూ సమకూర్చాలి.

నెల్లిమర్లలో మిమ్స్ బోధనాసుపత్రి, విజయనగరంలో 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, విశాఖలో కేజీహెచ్ ఉన్నాయి. వైద్యం దూరమని చెప్పలేని పరిస్థితి. దూరమంతా ఇంటికీ, తొలి పరీక్షకూ మధ్యనే ఉంది. బడిలో మరుగుదొడ్డి శుభ్రంగా లేక మూత్రం బిగబట్టుకునే బాలికలు, నీళ్లే తాగని పిల్లలు, ఉప్పు దట్టించిన చిరుతిళ్ల పొట్లాలు... వీటిని సరిదిద్దడం వైద్యుల పని కాదు. ప్రధానోపాధ్యాయులు, స్థానిక సంస్థలు, తల్లిదండ్రుల బాధ్యత. ఉద్దానంలో కారణం కోసం వెతుకులాట సాగుతూనే ఉంది. ఇక్కడి పసివారి విషయంలో కారణాలు చాలావరకు తెలిసినవే. తెలిసీ జాగు చేస్తే ఆ మూల్యం డయాలసిస్ మంచంపై చెల్లించవలసి వస్తుంది.